ఇనుము లేని చోటు

రాతిగదిలోకి వెళ్ళే ముందు జాన్ సాహెబ్ ఒంటిమీద ఉన్న ఇనుమంతా తీసేస్తాడు. కొట్టేసిన వేపచెట్టు మొద్దు మీద పాత ఐస్‌క్రీమ్ డబ్బా ఒకటి ఉంటుంది. తాళాలగుత్తి, ఫోను, చేతిగడియారం, వక్కలు కత్తిరించుకునే చిన్న అడకత్తెర, అన్నీ అందులోకి పోతాయి. బెల్టు పెట్టుకోవడం మానేసి మూడేళ్ళయింది. తోలుచెప్పులకు మేకులుంటాయని హవాయి చెప్పుల్లోకి దిగాడు. కళ్ళజోడుకున్న బుల్లి మరను కూడా పీకేసి, దాని బదులు దారం కట్టుకున్నాడు. అంత అక్కర్లేదని పైవాళ్ళు చెప్పినా వినలేదు. మనిషి తీరే అంత, ఒక పని పట్టుకుంటే పట్టుకున్నట్టే.

బెల్లంకొండ దాటాక వచ్చే సున్నపురాతి తిప్ప అది. ఈ రాయిలో ఇనుము పాలు లేదని పరీక్ష చేసుకుని మరీ పరిశోధన సంస్థవాళ్ళు ఇక్కడికొచ్చారు. తిప్పకు అవతలి వైపు రాడార్ స్తంభాలు ఆరు, వాటి మధ్య తీగలు. ఇవతల కంట్రోల్ రూము, దాన్నానుకుని కాపలాదారు జాన్ సాహెబ్ మంచం పట్టేంత గది. అక్కణ్ణించి మూడొందల అడుగుల దూరంలో రాతిగది. దాని తలుపుకు ఇత్తడి బందులు, రాగి మేకులు. పైన నాపరాతి పలకలు, ఎండకు పలకలు కాలకుండా వాటి మీద తాటాకు కప్పు. చుట్టూ ఉన్న కంచెకు కూడా ముళ్ళతీగ లేదు. రాతి కడీలు పాతి నైలాను తాడు లాగారు.

ఈ హంగామా అంతా దేనికో అతనికి విప్పి చెప్పింది సౌందర్య. సంస్థలో పరిశోధన చేస్తున్న పిల్ల. రాడార్ పైకి పంపిన సంకేతం మూడొందల కిలోమీటర్ల ఎత్తున విద్యుత్తు పట్టిన గాలిపొర ఒకదానికి తగిలి వెనక్కొస్తుందట. భూమికున్న అయస్కాంతం అప్పుడప్పుడూ సన్నగా వణుకుతుందట. చేదతాడును పైన ఒకసారి ఊపితే నీళ్ళదాకా వణుకు పోయినట్టే, ఆ వణుకు పై పొరను లేపి దించుతుంది, కింద నేలమీదికీ వస్తుంది. పైన రాడారూ, కింద రాతిగదిలో ఆ అయస్కాంతాన్ని కొలిచే మాగ్నెటోమీటరూ ఒకే ఊపును గీస్తేనే అది నిజమైన వణుకని లెక్క. మాగ్నెటోమీటరు పక్కన చిన్న మేకు కదిలినా దాని గీత చెడిపోతుంది. అందుకని తిప్పమీద ఏం జరిగినా జాన్ సాహెబ్ పుస్తకంలో రాయాలి. ట్రాక్టరు ఎటు పోయింది, క్వారీలో ఎన్నిటికి పేల్చారు, కరెంటు ఎప్పుడు పోయింది, అదీ సంగతి.

అడిగినవి రాసేవాడు, అడగనివి కూడా రాసేవాడు. గాలి ఎంత వీచిందో, తాటాకు గలగలమన్నదో లేదో, ఉడుము ఏ రాయి కింద దూరిందో అన్నీ ఎక్కేవి. భార్య షాహిదా పోయాక అతను మాట్లాడాల్సిన మాటల్లో సగం ఆ పుస్తకంలోకే పోయాయి. మిగతా సగం రాతిగదిలోకి పోయాయి. ఉదయం లోపలికెళ్ళి, తేమ లాగే గుళికలు మార్చి, చీమలు లేకుండా గుడ్డతో తుడిచి, రాతిదిమ్మె మీద కూర్చున్న ఆ తెల్లటి మాగ్నెటోమీటరు పెట్టెను కుశలం అడిగేవాడు. రాత్రి ఏం కూర వండాడో, మాడిందో లేదో దానికి చెప్పేవాడు. అది ఏమీ అనదు. ఏమీ అనకపోయినా వినేవాళ్ళున్నారన్న తృప్తి మనిషిని నిలబెడుతుంది.

మనిషన్నది కనపడేది రోజుకు పదినిమిషాలు. తొమ్మిది దాటాక మంగమ్మ ఇరవైరెండు మేకల్ని తోలుకుని వచ్చేది. కొమ్మలు కోసే దోటికర్రను తాడు బయటే ఆనించి, తాడు కింద దూరి, కంట్రోల్ రూము వసారాలో కూర్చుని కుండలో నీళ్ళు తాగేది. బయటివాళ్ళను లోపలికి రానివ్వకూడదని నియమం. రాతిగది దగ్గరికి కాదుగదా, వసారాలోకేగదా అని జాన్ సాహెబ్ తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. అరవై దాటిన మనిషి, మెడలో పసుపుతాడుకు గుత్తిగా పిన్నీసులు. ఒకసారి అతని అరికాల్లో తుమ్మముల్లు విరిగితే ఆ గుత్తిలోంచి ఒక పిన్నీసు తీసి, కాలు ఒళ్ళో పెట్టుకుని, ముల్లు లాగింది. మొన వంగిపోయిన ఆ పిన్నీసును పారెయ్యకుండా మళ్ళీ గుత్తికే తగిలించుకుంది.

*

సోమవారం పొద్దున జీపు వచ్చింది. మల్లికార్జునరావు గారు దిగారు, వెనక సౌందర్య. ఆయన ఈ కేంద్రానికి అధికారి, మూడు నెలలకోసారి వచ్చేవాడు. నెల తిరక్కుండా వచ్చాడంటేనే జాన్ సాహెబ్‌కు ఏదో తేడా ఉందని తెలిసిపోయింది.

కంట్రోల్ రూములో తెర మీద గీతలు చూపించారు. పోయిన నెల పదకొండో తారీకు ఉదయం తొమ్మిది ఇరవైనాలుగుకు మాగ్నెటోమీటరు గీత మెట్టెక్కినట్టు ఒక్కసారిగా పైకి లేచింది, మళ్ళీ దిగలేదు. అప్పట్నించి నున్నగా ఉండాల్సిన గీత నిండా ముళ్ళు మొలిచినట్టుంది. రాడార్ గీత మాత్రం శుభ్రంగా ఉంది. నలభై రోజులు పైన వణుకు కనిపిస్తోంది, కింద దానికి సాక్ష్యం లేదు.

"ఇనుం పడేసుకున్నావ్ లోపల," అన్నాడు మల్లికార్జునరావు. "వయసైపోయింది నీకు. శుక్రవారం దాకా చూస్తా. దొరకలేదంటే కాంట్రాక్టు ఏజెన్సీవాళ్ళు వేరే మనిషిని పంపిస్తారు."

 మూడేళ్ళుగా కళ్ళజోడు మరకు బదులు దారం కట్టుకున్న మనిషిని పట్టుకుని ఇనుము పడేసుకున్నావనడం ఎంత అన్యాయమో ఆ గదిలో ఇంకెవరికీ తట్టినట్టు లేదు. సౌందర్య తెరవైపే చూస్తూ నిలబడింది. వెళ్ళేటప్పుడు మాత్రం కాస్త ఆగి, గాభరా పడకుండా నిదానంగా వెతకమని చెప్పింది.

వెతికాడు. సోమవారం మధ్యాహ్నం రాతిగది నేలంతా చీపురుపుల్లతో గీకాడు. కేబుల్ పోయే కాలవలో చెయ్యి పెట్టి మట్టి తోడాడు. రేడియోలోంచి పీకిన అయస్కాంతాన్ని దారానికి కట్టి గోడల వెంబడి తిప్పాడు. ఇనుమన్నది ఉంటే అంటుకోవాలి, ఏమీ అంటలేదు. రాగి మేకుల్ని ఒక్కొక్కదాన్నీ గోకి చూశాడు, ఇనుప మేకుకు రాగిపూత పూసి మోసం చేశారేమోనని. మంగళవారం తన ఒంటినే అనుమానించాడు. చొక్కా గుండీలు కోసి చూశాడు. పన్నుకు కట్టించుకున్న తొడుగు దేనిదో తెలియక, వినుకొండలో దాన్ని కట్టిన డాక్టరుకు ఫోన్ చేసి అడిగాడు. ఆయన నవ్వి పెట్టేశాడు.

ఆ రోజు మంగమ్మ వచ్చినప్పుడు అతను వసారాలోకి కూడా రాలేదు. ఏందయ్యా అట్టున్నావని అడిగితే, పనుందక్కా అని ముక్తసరిగా అన్నాడు. ఆమె నీళ్ళు తాగి, అతని వైపు ఒకటికి రెండుసార్లు చూసి, మేకల్ని అదిలించుకుని పోయింది.

ఉద్యోగం పోతే ఎట్లా బతకాలన్న బెంగ కంటే, రేపణ్ణించి పొద్దున్నే లేచి ఎవరిని పలకరించాలన్న బెంగే ఎక్కువగా ఉంది అతనికి. చెబితే నవ్వుతారు గానీ, ఆ తెల్లపెట్టె తనను నమ్మడం మానేసిందనిపించింది.

*

బుధవారం పొద్దున్నే పాత పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. తెర మీద గీత, ఒళ్ళో పుస్తకం. పద్నాలుగో తారీకు ముళ్ళు తక్కువ. పుస్తకంలో ఆ రోజు: గాలి లేదు, ఆకు కదల్లేదు. పంతొమ్మిదిన ముళ్ళే ముళ్ళు. పుస్తకంలో: పడమటి గాలి, తాటాకు ఎగిరిపోతుందనుకున్నా. ఇరవయ్యారు, ఇరవయ్యేడు చూశాడు. గాలి ఉన్న రోజున గీతకు ముళ్ళు, గాలి లేని రోజున లేవు. ఎవరూ రాయమనకుండా రాసిన ముక్కలే ఇవ్వాళ దారి చూపించాయి. దొరకాల్సిన ఇనుము నేలమీద లేదు, గాలికి ఊగేచోట ఉంది.

డబ్బాలో సామానంతా పెట్టి, రాతిగది వెనక్కి నడిచాడు. అటువైపు బ్రహ్మజెముడు పొద ఉందని ఎవరూ పోరు. చెయ్యి గీసుకుంటున్నా లెక్కచెయ్యకుండా లోపలికి దూరి, తాటాకు చూరు కింద తల పెట్టి చూశాడు. నల్లదారానికి వేలాడుతూ ఎద్దు నాడా ఒకటి ఉంది. అరిగి అరిగి అంచులు నున్నబడ్డ పాత నాడా. పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. గాలి వచ్చినప్పుడల్లా అటూ ఇటూ ఊగుతోంది.

దారం తెంపి దాన్ని పట్టుకుని తాడు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మేకల గంట వినపడేదాకా అక్కడే ఉన్నాడు. మంగమ్మ అతని చేతిలో ఉన్నదాన్ని చూసి దోటికర్ర కింద పెట్టింది.

"ఎందుకు తీశావ్ దాన్ని?" అంది.

ఇది కట్టింది నువ్వేనా అక్కా అని అతను అడిగాడు. ఆమె దాచలేదు.

"నేనే. నువ్వు ఆ స్తంభం కాడ ఉన్నప్పుడు కట్టా. చానా దినాల్నించి చూస్తన్నా నిన్ను. ఒంటిమీదున్న ఇనుమంతా తీసేసి, ఆ కొంపలోకి పోయి, ఎవురితోనో మాట్టాడతా ఉంటివి. కూర మాడిందంటావు, నిద్ర పట్టలేదంటావు. లోపల మనిషి లేడు. ఇనుం లేని కొంపలో కాకపోతే గాలీ దయ్యం ఇంకెక్కడుంటది తమ్ముడా? మనిషి చేత ఇనుం తీయించేదాకా దానికి నిద్ర పట్టదు. నీకు చెప్పేవాళ్ళు ఎవురున్నారు? మా ఎద్దు చచ్చిపోయినా దాని నాడా దాచిపెట్టుకున్నా, అదే తెచ్చి కట్టా."

జాన్ సాహెబ్‌కు అప్పుడర్థమైంది. ఇనుము తియ్యకపోతే ఉద్యోగం లేదు, తీసినందుకు దయ్యం పట్టిందనుకుంది. ఆమె లెక్కలో తప్పేమీ లేదు. గదిలో పెట్టెతో చెప్పుకున్న కబుర్లన్నీ తలుపవతల ఒక మనిషి నిలబడి విన్నదన్న సంగతికి సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే ఇంకొకటి వచ్చింది. తను మాట్లాడేది ఎవరికీ వినపడదనుకున్నాడు ఇన్నాళ్ళూ. విన్నది చాలక, చచ్చిన ఎద్దు గుర్తును తెచ్చి తనకు కాపలా పెట్టింది ఈ మనిషి. 

"నా వల్ల నీకేమన్నా అయిందా?" అంది మంగమ్మ.

"ఏం కాలేదక్కా," అన్నాడు.

నాడా తిరిగిస్తే తీసుకోలేదు. దిండు కింద పెట్టుకోమంది, అక్కడన్నా ఉండనిమ్మంది.

కంట్రోల్ రూములోకొచ్చి చూస్తే గీత మెట్టు దిగిపోయింది, ముళ్ళన్నీ రాలిపోయాయి. ఉన్న సంగతి రాస్తే తన తప్పు లేదని తేలుతుంది. ఆ వెంటనే మంగమ్మ రాక ఆగిపోతుంది. తిప్పమీద ఎండాకాలంలో కూడా పచ్చిక దొరికే చోటు ఈ చుట్టుపక్కలే. మేకలు లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.  ఆఖరికి రాశాడు: చూరు కింద ఎద్దు నాడా దొరికింది. దిష్టికని నేనే కట్టాను. తీసేశాను.

పుస్తకంలో అతను రాసిన మొదటి అబద్ధం అది. అక్షరాలు కూడా ఎప్పట్లా గుండ్రంగా రాలేదు.

*

గురువారం జీపు మళ్ళీ వచ్చింది. మల్లికార్జునరావు పుస్తకం తెరిచి ఆ వాక్యం చదివి, నేను చెప్పలా అన్నట్టు తలాడించాడు. రాడారు పక్కన దిష్టి తాయెత్తులేమిటని కాసేపు నవ్వాడు కూడా. ఆ మీదట రిపోర్టు రాయడానికి కంట్రోల్ రూములోకి పోయాడు. ఆ నవ్వుకు జాన్ సాహెబ్‌కు కాలింది గానీ ఓర్చుకున్నాడు. శుక్రవారందాకా కూడా పట్టలేదు, ఉద్యోగం అయిపోయింది అనుకున్నాడు.

సౌందర్య వసారాలో కూర్చుని పాత పేజీలు తిరగేస్తోంది. పదకొండో తారీకు దగ్గర ఆగింది. వేలు పెట్టి చదివింది. అతన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"తొమ్మిదింటి నుంచి పదింటిదాకా రెండో స్తంభం మీద తీగ బిగిస్తున్నానని రాశారు," అంది. "గీత లేచింది తొమ్మిది ఇరవైనాలుగుకు. ఇప్పుడు నేను ఏది నమ్మాలి బాబాయ్? ఆ రోజు రాసిందా, నిన్న రాసిందా?"

అతను పుస్తకం మూయబోతే ఆమె వేలు తియ్యలేదు.

"మూడేళ్ళు మీ పుస్తకం చదివాను," అంది ఆ పిల్ల నెమ్మదిగా. "ఉడుము సంగతి కూడా చదివాను. షాహిదా పిన్నిగారి సంవత్సరీకం రోజున ఏమీ రాయకుండా వదిలేసిన పేజీ కూడా నాకు తెలుసు. ఫలానా ఊపు ట్రాక్టరుది కాదు, భూమిదే అని నేను రాసిన ప్రతి చోటా మీ మాటే నాకు ఆధారం. ఇందులో ఒక్కటి అబద్ధమని తేలితే మిగతావన్నీ ఎట్లా నిలబెట్టుకోను?"

ఈ పుస్తకాన్ని ఒక మనిషి చదువుతోందని జాన్ సాహెబ్‌కు ఇంతవరకు తెలియదు. నిండిన పుస్తకాలు సంస్థలో ఏదో బీరువాలో పడుంటాయనుకున్నాడు. తెలిసిన రోజే ఇట్లా తలదించుకోవాల్సి రావడం అతన్ని బాగా బాధపెట్టింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. మంగమ్మ సంగతి మొదట్నించి చివరిదాకా చెప్పాడు, తను పెట్టెతో మాట్లాడే సంగతితో సహా. సౌందర్య నవ్వలేదు. మంగమ్మను రానివ్వకుండా చెయ్యొద్దని మాత్రం అతను అడిగాడు. తను చెప్పి చూస్తానంది, మాట ఇవ్వలేనంది.

అబద్ధం రాసిన వాక్యం మీద అడ్డంగా ఒక గీత గీసి, కింద ఉన్నదున్నట్టు రాసి, సంతకం పెట్టాడు.

లోపల సౌందర్య చాలాసేపు మాట్లాడింది. మల్లికార్జునరావు గొంతు ఒకటి రెండుసార్లు లేచింది. బయటికొచ్చి, ఉద్యోగానికేం ఢోకా లేదన్నాడు. పడేసుకున్నావని అన్న మాటకు మాత్రం ఏమీ అనలేదు. అది ఆయనకు గుర్తు కూడా లేదేమో. తాడును నాలుగు వందల అడుగుల అవతలికి జరపమన్నాడు, వసారాలోకి ఎవరు వచ్చినా తనకు తెలియాలన్నాడు. మేకలు తాడు అవతల మేస్తే అభ్యంతరం లేదన్నాడు. సౌందర్య సాధించగలిగింది అంతే.

*

కడీలు పీకి కొత్తచోట పాతడానికి శుక్రవారం పట్టింది. మంగమ్మ వచ్చేసరికి జాన్ సాహెబ్ తాడు ముడి వేస్తున్నాడు. విషయం చెప్పాడు. తన నాడా వల్ల ఆకాశంలో లెక్కలు తప్పాయంటే ఆమెకు ఎంతవరకు అర్థమైందో గానీ, అతని ఉద్యోగం పోబోయిందన్నది మాత్రం బాగా అర్థమైంది.

"ఏం కాలేదంటివే," అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. దోటికర్ర తీసుకుని, మేకల్ని తిప్పకు అవతలి వాలుకు మళ్ళించింది.

శనివారం పుస్తకంలో రాశాడు: తొమ్మిదికీ పదికీ మధ్య ఎవరూ రాలేదు. ఆదివారం అదే రాశాడు. సోమవారం గంట చప్పుడు వినపడింది గానీ మంద కనపడలేదు, ఆ ముక్క కూడా రాశాడు. తొమ్మిదయ్యేసరికి వసారాలో కుండ కడిగి నీళ్ళు నింపడం మానలేదు. సాయంత్రం ఆ నీళ్ళు వేపమొద్దు మొదట్లో పోసేవాడు.

గీత మాత్రం అద్దంలా ఉంది. ఒకరోజు ఉదయం పైన రాడారూ కింద మాగ్నెటోమీటరూ గంటన్నరసేపు ఒకే ఊపు ఊగాయి. ఆరు నిమిషాలకొకసారి లేచి, ఆరు నిమిషాలకొకసారి దిగి, ఒకదాన్నొకటి చూసి రాసుకున్నట్టు. సౌందర్య సంతోషం పట్టలేక ఫోన్ చేసింది. ఇంత శుభ్రమైన జత ఈ మూడేళ్ళలో దొరకలేదంది. జాన్ సాహెబ్ మంచిదమ్మా అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆ మంచి కబురు ఎవరికన్నా చెబుదామని చుట్టూ చూశాడు, తిప్పమీద ఎండ తప్ప ఇంకేం లేదు. రాతిగదిలోకి వెళ్ళి పెట్టె ముందు నిలబడి నోరు తెరిచాడు. బయటికి ఎట్లా వినపడుతుందో గుర్తొచ్చి మూసేశాడు. ఆ రోజునించీ లోపల మౌనంగానే గుడ్డతో తుడిచి వచ్చేస్తున్నాడు.

తొమ్మిదో రోజున నాలుగో స్తంభం తీగ జారితే, రాతిగదిలోంచి వచ్చి డబ్బాలో సామాను తీసుకోకుండానే దాన్ని బిగించడానికి ఎక్కాడు. దిగి వచ్చేసరికి పది దాటింది. తాళాలకోసం వేపమొద్దు దగ్గరికొచ్చి, డబ్బా మూత తీశాడు. తన గడియారం పక్కన పిన్నీసు ఒకటి ఉంది. మొన వంగి ఉంది.

దాన్ని ముట్టుకోకుండా చాలాసేపు చూశాడు. తరవాత తాడుదాకా నడిచి చూశాడు. తాడు అవతల నేలమీద దోటికర్ర ఆనించిన గుర్తు ఉంది. మేకల గిట్టల అచ్చులు ఉన్నాయి. అక్కణ్ణించి రాతిగది దాకా సున్నపు దుమ్ములో వట్టి పాదాల అచ్చులు. చెప్పులు కూడా విప్పేసి నడిచింది. గుమ్మం ముందు రెండు అచ్చులు పక్కపక్కన, లోతుగా దిగి ఉన్నాయి. చాలాసేపు అక్కడే నిలబడి, లోపలి మాటలకోసం చెవి పెట్టిన మనిషి అచ్చులు. ఏమీ వినపడక తిరిగిపోయింది. గుత్తిలోని పిన్నీసులన్నీ తీసి డబ్బాలో పెట్టి, పోతూ పోతూ ఒకదాన్ని మరిచిపోయింది.

కంట్రోల్ రూములోకి వెళ్ళి తెరముందు కూర్చున్నాడు. తొమ్మిదింటికి గీత నున్నగా ఉంది. తొమ్మిదింపావుకు నున్నగా ఉంది. తొమ్మిదిన్నరకూ అంతే. భూమి తనపాటికి తను చిన్నగా ఊగుతోంది, అందులో ఆవగింజంత ముల్లు కూడా లేదు. మూడొందల కిలోమీటర్ల పైసంగతి పట్టుకునే మిషన్‌కు గుమ్మం ముందు మనిషి వచ్చి నిలబడినట్టు తెలియలేదు. అంత జాగ్రత్తగా వచ్చి వెళ్ళింది.

జాన్ సాహెబ్ కళ్ళు తుడుచుకుని పుస్తకం తెరిచాడు. రాస్తే మల్లికార్జునరావు కంట పడుతుంది, మాట పడాల్సి వస్తుంది. రాయకపోతే ఆమె వచ్చినట్టు లోకంలో ఎక్కడా ఉండదు. గుండ్రటి అక్షరాలతో రాశాడు: తొమ్మిదికీ పదికీ మధ్య మంగమ్మ వచ్చి వెళ్ళింది. ఇనుము లేదు.

తరవాత వేపమొద్దు దగ్గరికి నడిచాడు. గడియారం, తాళాలు, ఫోను తీసుకున్నాడు. పిన్నీసును డబ్బాలోనే ఉంచి, మూత పెట్టకుండా వదిలేశాడు.